ఇంటి చలవ

రాత్రి బస్సు నడిపేవాడికి పగలే రాత్రి. ఊరంతా లేచి పళ్లు తోముకునే వేళకు మన డ్రైవరు డ్యూటీ దిగి ఇంటికొచ్చి నడుం వాల్చేవాడు. వాల్చడం వరకే, నిద్ర ఏదీ? అద్దె ఇంటికి రేకుల కప్పు. ఎండ కాస్త ఎక్కిందంటే మంచం మీద పడుకున్నా పెనం మీద పడుకున్నా ఒకటే. ఫ్యాను వేస్తే అది కూడా పగబట్టినట్టు వేడిగాలే కొట్టేది.

ఒకనాడు తెల్లవారుజామున అతని రెప్ప క్షణం పాటు వాలింది. బస్సు రోడ్డు దిగి, కంకరలో నాలుగు గంతులేసి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. డిపో మేనేజరు మాత్రం, "ఇంకోసారి ఇలా జరిగితే స్టీరింగు ముట్టుకోనివ్వను," అని తేల్చేశాడు. డ్రైవరు ఇంటికొచ్చి ఏడ్చాడు. ఉద్యోగం కోసం కాదు, వెనక సీట్లలో ఆదమరిచి పడుకున్న పిల్లల్ని తలుచుకుని.

ఊరి చివర డ్రైవరుకో చిన్న స్థలం ఉంది. "అక్కడ మట్టి గోడలతో ఇల్లు కడదాం. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా దుప్పటి కప్పుకునేవాళ్లం," అంది భార్య.

ఆమె తమ్ముడు సిమెంటు పనిలో ఆరితేరిన మేస్త్రీ. వినగానే గయ్యిమన్నాడు. "బావ కష్టమంతా మట్టిపాలు చేస్తావా అక్కా?"

"అవున్రా, మట్టిపాలే. వచ్చి కాస్త తొక్కిపెట్టు," అంది ఆమె.

గొణుక్కుంటూనే వచ్చాడు పాపం. పునాది తవ్విన మట్టిలోనే గడ్డి కలిపి, తొక్కి, మూరెడు మందాన గోడలు లేపారు. కూల్చిన పాత ఇళ్ల తలుపులు తెచ్చి బిగించారు. పైన పెంకులు పరిచారు. పడమటి ఎండ గోడకు తగలకుండా వసారా దించారు.

అంతా బాగానే ఉండేది, బావమరిదికి ప్రేమ పొంగకపోతే. వానొస్తే బావ పడుకునే గది గోడ కరిగిపోతుందేమోనని, ఎవరికీ చెప్పకుండా బయటివైపు సిమెంటు పూత పూశాడు. ఇటుక గోడకైతే అది రక్షే. మట్టి గోడకు ముక్కూ నోరూ మూసినట్టు. వానాకాలంలో లోపలి తేమ బయటికి పోయే దారిలేక గోడ చెమర్చింది, గదంతా ముక్కవాసన. డ్రైవరుకు దగ్గు పట్టుకుంది, నిద్ర మళ్లీ కరువైంది. ఇక స్టీరింగు వదులుకోవడమే మేలని అతను దిగులు పడ్డాడు.

"నేను ముందే చెప్పలా, మట్టిని నమ్ముకుంటే ఇంతే," అంటూ వచ్చిన బావమరిది గోడ మీద పెచ్చు ఒకటి ఊడబీకాడు. దాని వెనక మట్టి తడితడిగా, మెత్తగా ఉంది.

"తప్పు మట్టిది కాదక్కా, నాది," అన్నాడు. పూతంతా తనే గీకేసి, గోడ ఆరాక సున్నం పూశాడు. ఈసారి గొణగలేదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. డ్రైవరు తలుపు దగ్గరికేసుకుని పడుకుంటే లారీల మోత వినబడదు, కరెంటు పోయినా తెలియదు. భార్య వచ్చి కుదిపితే గాని లేవడు. ఒక మధ్యాహ్నం బావమరిది వచ్చి, ఒక్క కునుకు తీస్తానని నేల మీద ఒరిగి, పొద్దుగూకేదాకా గుర్రుపెట్టాడు.

"ఏరా, ఏం మట్టిపాలైంది?" అంది అక్క నవ్వుతూ.

"నా పనే అక్కా. అక్కడ స్లాబు దగ్గర కూలీలు నాకోసం చూసి చూసి వెళ్లిపోయుంటారు," అన్నాడు కళ్లు నులుముకుంటూ.

మర్నాడు తెల్లారి బస్సు గమ్యం చేరింది. మనవరాలిని భుజాన వేసుకున్న ఓ పెద్దావిడ దిగుతూ దిగుతూ డ్రైవరు దగ్గర ఆగింది. "హాయిగా నిద్రపట్టింది నాయనా. బండి కదిలినట్టే లేదు."

"అంతా మా ఇంటి చలవమ్మా," అన్నాడు డ్రైవరు.

"ఇంటి చలవా, ఇల్లాలి చలవా?"

"ఆ ఇల్లు కట్టించింది ఇల్లాలేనమ్మా," అని, నిద్రపోతున్న పిల్ల కాలి నుంచి జారిపోతున్న చెప్పు సరిచేసి తొడిగాడు.