రంగు మీద బిగించిన పట్టీ

కొత్త ఇళ్ళకు కరెంటు ఇవ్వవచ్చునని సంతకం పెట్టే ఉద్యోగం ఆయనది. ఇరవై తొమ్మిదేళ్ళుగా పెడుతున్నారు. అందరూ ఆయన్ని ఎర్తాయన అనేవారు. అసలు పేరు సర్వీసు పుస్తకంలో భద్రంగా ఉండేది.

ఆయన సిద్ధాంతం ఒక్కటే. ఇంట్లోకి వచ్చే నీళ్ళ పైపుకూ గ్యాసు పైపుకూ పచ్చ తీగ కట్టి, రెండింటినీ ఒకే ఎర్తుకు కలపాలి. అప్పుడు ఎక్కడ కరెంటు కారినా పైపులు రెండూ ఒక్క మాట మీద ఉంటాయి. ఒక చెయ్యి కుళాయి మీద, ఇంకో చెయ్యి పొయ్యి మీద వేసిన మనిషి వాటి మధ్య రాయబారం నడపనక్కర్లేదు. తీగను పట్టి ఉంచే పట్టీ కింద మాత్రం రంగు ఉండకూడదు; రంగు అడ్డుంటే కరెంటు ఎర్తుకు చేరదు. ఇనుము మెరిసేదాకా గీకి, ఆపైన బిగించాలి.

"ఇంత రంగుకేనా సార్?" అని మేస్త్రీలు నసిగేవారు.

"ఇది ఎర్తా, అలంకారమా? విప్పు," అని ఆయన కలానికి మూత పెట్టేసేవారు.

కిందటేడు ఆయన భార్య వంటింటికి రంగులు వేయించింది. పైపులకు కూడా మీగడ రంగే. రంగులవాడు విప్పిన నీళ్ళ పైపు పట్టీని ఎర్తాయన స్వయంగా బిగించబోయారు. గరుకు కాగితం చేతిలోనే ఉంది.

"ఏవండీ, నిన్న వేసిన రంగు! అప్పుడే గీకేస్తారా?"

ఆయన రంగు వంక చూశారు, ఆవిడ ముఖం వంక చూశారు. సర్వీసులో మొదటిసారి మొహమాటపడ్డారు. ఆదివారం గీకుదాంలే అనుకుని, రంగు మీదే బిగించారు. ఆదివారాలు వచ్చి పోయాయి.

ఈలోగా గీజరు పాతబడి, నీళ్ళ పైపులోకి కొద్దికొద్దిగా కరెంటు వదలసాగింది.

"కుళాయి జివ్వుమంటోందండీ."

"మనింట్లోనా? నీరసమై ఉంటుంది. వేళకు తిను."

వారం తర్వాత మళ్ళీ చెప్పింది. "పొయ్యి మీద రెండో చెయ్యి ఉంటేనే జివ్వుమంటోంది."

"అయితే రేపట్నుంచి నువ్వే వెళ్ళి సంతకాలు పెట్టు," అని ఆయన నవ్వారు.

మూడోసారి ఆవిడ చెప్పలేదు. ఒక ఉదయం తడి చేత్తో కుళాయి కట్టేస్తూ, రెండో చెయ్యి పొయ్యికి ఆనించి, విసిరేసినట్టు పడిపోయింది. మణికట్టు రెండుచోట్ల విరిగింది. వంటగట్టు అంచు తలకు బెత్తెడు దూరంలో తప్పింది.

ఆసుపత్రికి ఆవిడ తమ్ముడు వచ్చాడు. "బావగారూ, ఊళ్ళో పైపులన్నీ గీకించారు. మా అక్క పైపొక్కటే మినహాయింపా?"

ఆవిడే అంది: "గీకొద్దన్నదీ నేనే, జివ్వుమంటోందన్నదీ నేనేరా. ఆయనకు మొదటిదే వినబడింది."

ఆయన గీజరు మార్చారు. పైపు గీకారు, పట్టీ బిగించారు, మీటరు పెట్టి నాలుగుసార్లు చూశారు. భార్యను పిలిచారు.

"ముట్టుకో. ఇంకేం కాదు."

"మీరు ముట్టుకోండి."

ఒక చెయ్యి కుళాయి మీద, ఒక చెయ్యి పొయ్యి మీద వేశారు.

"చెప్పులున్నాయిగా."

విప్పి, తడి నేల మీద నిలబడి మళ్ళీ వేశారు. ఆవిడ గుమ్మంలోంచి కాసేపు చూసి, "సరే," అని లోపలికి వెళ్ళిపోయింది.

కట్టు విప్పి ఆరు నెలలైంది. ఆవిడ ఆ కుళాయి తిప్పదు. దాహమైతే, "ఏవండీ, నీళ్ళు," అంటుంది. ఆయన లేచి పట్టుకొస్తారు. గ్లాసు ఆయన చేతిలోంచి అందుకోదు. ఆయన బల్ల మీద పెట్టి చెయ్యి తీశాకే తీసుకుంటుంది.