ఈశాన్యం మూల కంప్యూటరు

నిన్న మా అమ్మాయి ఇంట్లో కూర్చొనే బెంగళూరులోని తన ఆఫీసు కంప్యూటరు తెరవబోయి, అది రెండు రెప్పపాట్లు ఆలస్యం చేసేసరికి విసుక్కుంది. నాకు నవ్వు రాలేదు. అలాంటి ఆలస్యమే ఒకప్పుడు లారీల కొద్దీ మామిడికాయలను కుళ్ళబెట్టింది, వాటితోపాటు నా పరువునూ తీసింది.

తొంభైల చివర్లో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటరు పని నాది. పెద్ద కంప్యూటరు తిరుపతి ఆఫీసులో ఉండేది. కంపెనీ సొంతానికి అద్దెకు తీసుకున్న టెలిఫోను లైను మీద దాంట్లోకి వెళ్ళి, రైతు పేరు ఎక్కించి, చీటీ తీసిస్తే తప్ప లారీ కాటా ఎక్కకూడదు. చీటీ చీటీకీ బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళాలని యజమాని కట్టుబాటు, ఎవరి మీదా నమ్మకం లేని మనిషి మరి. మొదటి ఏడు బాగానే జరిగింది. రెండో ఏడు సీజను మొదలయ్యేసరికి, పేరూ పాస్‌వర్డూ అడగడానికే ఆ కంప్యూటరు నిమిషాల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. బయట ఎండలో లారీలు బారులు తీరేవి, కాయ మెత్తబడి రసం కారేది, డ్రైవర్లూ రైతులూ కిటికీ దగ్గరికొచ్చి నన్ను తిట్టేవాళ్ళు.

లోపలికి వెళ్ళాక మాత్రం అక్షరం కొడితే అక్షరం పడేది. కాబట్టి లోపం లైనులో లేదు, గుమ్మం దగ్గరే ఉందని తిరుపతికి ఫోను చేసి మొత్తుకున్నాను. అక్కడివాళ్ళు పెద్ద కంప్యూటరు ముందే కూర్చుని పనిచేసేవాళ్ళు కనుక వాళ్ళకు ఏ ఇబ్బందీ తెలియదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని, ఆ ఆఫీసు చూసుకునే యజమాని బావమరిది నవ్వి ఫోను పెట్టేశాడు.

ఆ వారంలోనే మా నాయన తోట కాయలు తెచ్చి బారులో నిలబడ్డాడట. కొడుకు లోపల ఉన్నాడు కదా అని ముందుకు దూరే మనిషి కాదు, నాకు కబురైనా పెట్టలేదు. సాయంత్రం ఇంటికి వెళితే, కాయలన్నీ వంకలో పారబోసి వచ్చాడని అమ్మ చెప్పింది. నాయన నా ముఖం చూడకుండా, "కాయలు పోతే పోయినాయిలేరా. ఆడ అందరూ నిన్ను తిడతా ఉంటే ఇనలేక వచ్చేసినాను" అన్నాడు.

మరునాడు సెలవు పెట్టి తిరుపతి బస్సెక్కాను. ఆఫీసులో ఈశాన్యం మూలన, బయటి కంప్యూటర్ల పేర్ల పట్టీ దాచే పాత కంప్యూటరు ఒకటి ఉండేది. ఇప్పుడది లేదు, ఆ చోట కలశం, దీపం ఉన్నాయి. ఈశాన్యంలో బరువు ఉండకూడదని బావమరిది వాస్తు చెప్పి, దాన్ని ఆపించి అటకెక్కించాడట. అది లేకపోయినా ఇక్కడ ఏ పనీ ఆగలేదు కదా అన్నారు అక్కడివాళ్ళు. దూరం నుంచి ఎవరైనా తలుపు తడితే, వీళ్ళెవరని పెద్ద కంప్యూటరు ఆ పాతదాన్నే అడిగేది. అటక మీది నుంచి జవాబెలా వస్తుంది? అడిగి అడిగి విసిగి, ఆఖరికి తలుపు తీసేది. ఇక ఎవరినీ అడగక్కర్లేకుండా మా ఫ్యాక్టరీ కంప్యూటర్ల పేర్లు పెద్దదాంట్లోనే రాసిపెట్టాను. తెచ్చిచ్చిన టీ చల్లారేలోగా అయిపోయిన పని అది.

ఆయుధపూజ నాడు యజమాని, ఈశాన్యం ఖాళీ చేశాకే కంపెనీకి కలిసొచ్చిందనీ, చిత్తూరు కంప్యూటరు కూడా దారికొచ్చిందనీ అందరి ముందూ చెప్పి బావమరిదికి శాలువా కప్పాడు. నేను చప్పట్లు కొట్టలేదు. అంతకు మించి ఏమీ చేయలేదు కూడా, ఉద్యోగం కావాలి కదా. నాయన మాత్రం ఆ మీదట కాయలు దామలచెరువు మండీకే తోలాడు.

ఇప్పుడు ఏది ఎక్కడ ఆగినా ఆ సంగతి తెర మీదే కనిపిస్తుంది, కిటికీ దగ్గర కూర్చున్నవాణ్ణి తిట్టే పని తప్పింది. మా రోజుల్లో ఆ భాగ్యం లేదు. తిరుపతి నుంచి వచ్చిన సాయంత్రం, తప్పు లైనుదీ కాదు, నాదీ కాదని నాయనకు విడమరిచి చెప్పాను. ఆయన ఆసాంతం విని ఒక్కటే అడిగాడు.

"మరి ఈ మాట ఆ బారులో నిలబడినోళ్ళకు ఎవురు చెప్తారప్పా?"

వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. నాయనా లేడు. ఎవరూ చెప్పలేదు.