ఎర్రతాడుకు పడిన ముడి

ఆ బండి మా ఇంటికి వచ్చిన రోజు నుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా రెండుసార్లు వాకిట్లోకి వచ్చి చూసేదాన్ని. బండి ఎక్కడికీ పోలేదు, అరుగు పక్కన బరకం కప్పుకుని అలాగే ఉంది. గేటు గొళ్ళెం వేసే ఉంది. మళ్ళీ లోపలికి వెళ్ళి, ఉప్పు వేశానో లేదో గుర్తురాక ఇంకోసారి వేసేదాన్ని. ఆ వారమంతా మా ఇంట్లో కూరలు ఎవరూ నోట పెట్టలేకపోయారు.

మా అక్క కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. తన కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, నాలుగేళ్ళుగా పి.గన్నవరం దగ్గర మా ఇంట్లోనే పెరుగుతోంది. నాకు పిల్లలు లేరు. నన్ను పిన్నీ అని పిలిచే ఈ పిల్లే నాకు అన్నీను.

చలికాలంలో అక్క పనిచేసే ఇంటివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారట. అక్కడ వాళ్ళ పిల్లలు నాలుగు చక్రాల చిన్న బండ్లు తోలుతారు. క్వాడ్ బైక్ అంటారు. మోటారు సైకిలుకి ఉన్నట్టే హ్యాండిలు, సీటు, కిందమాత్రం బూరెల్లా ఉబ్బిన నాలుగు టైర్లు. ఆ వీడియోలు చూసి పిల్ల అడగడం, తల్లి సరేననడం, మా ఆయన అమలాపురంలో ఒక షాపులో చెప్పి పిల్లల సైజుది తెప్పించడం, అన్నీ నాకు చెప్పకుండానే జరిగిపోయాయి. చెబితే వద్దంటానని ముగ్గురికీ తెలుసు.

బండి దిగిన సాయంత్రం అక్క ఫోనులో పెద్ద మెసేజీ పెట్టింది, గొంతుతో.

"తలకి హెల్మెట్టు, కాళ్ళకి బూట్లు, ఒంటికి ప్యాంటు ఉండాలే. ఎక్కేది ఒక్కరే. వెనకాల ఇంకెవర్నీ ఎక్కించకు. రోడ్డు మీదకి వద్దు, కాలవ గట్టు మీదకి అసలే వద్దు. వెనకాల ఎర్రతాడు ఉంటది చూడు. అది లాగితే ఇంజను టక్కున ఆగిపోద్ది. పిల్ల తోలినంతసేపూ ఆ తాడు నీ చేతిలోనే ఉండాలి. ఇక్కడ ఈ పిల్లల వెనకాల ఇసకలో పరిగెత్తేది నేనేనే. నాకు తెలుసు."

నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా స్కూటీ నడుపుతున్నాను. పిల్లని ముందు నిలబెట్టుకుని, వెనక బియ్యం బస్తా కట్టుకుని గట్టు మీద నుంచి వచ్చేసేదాన్ని. నా నెత్తిన హెల్మెట్ ఎవరూ చూసి ఎరగరు. అలాంటి నాకు బండి పాఠాలా? "ఆయ్, అలాగేలే అక్కా, నువ్వు చెబితే గాని మాకు తెలీదు పాపం" అని తిరుగు మెసేజీ పెట్టాను. నా నోటి సంగతి అక్కకి చిన్నప్పటి నుంచీ తెలుసు.

కొత్త బండి వస్తే మా వైపు పూజ చేయకుండా చక్రం కదపరు. సైకిలైనా అంతే, ట్రాక్టరైనా అంతే. శుక్రవారం పొద్దున్నే బండి కడిగి, పసుపు రాసి బొట్లు పెట్టాం. హ్యాండిలుకి బంతిపూల దండ వేశాం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాం. బండితోపాటు వచ్చిన గులాబీరంగు హెల్మెట్‌ని కుర్చీలో కూర్చోబెట్టి దానికీ బొట్టు పెట్టి అక్షింతలు వేశాం. పిల్ల నెత్తిన పెట్టడం తప్ప దానికి అన్ని మర్యాదలూ చేశాం. ఎలా పెడతాం? కనకాంబరాలు పెట్టి రెండు జడలు నేనే వేశాను. పట్టులంగా కట్టింది నేనే.

నిమ్మకాయలు తొక్కించాలంటే ఎవరో ఒకరు బండి ఎక్కాలి. మా ఆయన ఎక్కబోతే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పక్కింటి అత్తయ్యగారు నవ్వి, "మీకెందుకండి బాబూ, బండి పిల్లది. దాన్నే ఎక్కించండి, నాలుగడుగులేగా" అన్నారు. ఆవిడ మా వీధికంతటికీ పెద్ద. ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ఆవిడ చేయి పడాల్సిందే. ఆ రోజు కూడా దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి తెచ్చారు. ఎక్కడ కట్టాలా అని బండి చుట్టూ తిరిగి, వెనక వేలాడుతున్న ఎర్రతాడు పట్టుకున్నారు.

"ఇది నేల మీద ఈడుస్తోందమ్మా, మట్టంటుకుంటది" అని తాడుని సీటు వెనక కడ్డీకి బిగించి చుట్టారు. దానికే దిష్టికాయలు కట్టి మూడు ముళ్ళు వేశారు.

నేను చూశాను. చూశాను, అది ఎందుకున్న తాడో తెలుసు, ముడి విప్పమని చెప్పాలని నోటిదాకా వచ్చింది. దిష్టికి కట్టింది కట్టగానే విప్పమంటే ఆవిడ ఏమనుకుంటారో అని మానేశాను. కూరలమ్మి దగ్గర, ఆటోవాడి దగ్గర, మా ఆయన దగ్గర ఎంత నోరుందో, ఆ ఒక్క మాటకి లేకపోయింది.

ఇంతలో అక్క వీడియో కాల్ చేసింది. పని మధ్యలో పది నిమిషాలు అడిగి వచ్చిందట. నేను ఫోను పట్టుకుని బండి ముందు నిలబడ్డాను. అత్తయ్యగారు హారతి ఇచ్చారు. మా ఆయన ఇంజను స్టార్ట్ చేసి, "మెల్లిగా అమ్మా, కొంచెం నొక్కి వదిలెయ్" అని పక్కకి తప్పుకున్నారు.

ఆ బండికి యాక్సిలరేటరు స్కూటీలా తిప్పేది కాదు. కుడి బొటనవేలితో నొక్కే చిన్న మీట. పిల్ల నొక్కింది. నిమ్మకాయలు చితికాయి, బండి చిన్నగా ఎగిరి ముందుకు వచ్చింది. పిల్ల ఉలిక్కిపడింది. భయపడ్డ పిల్ల హ్యాండిలు గట్టిగా పట్టుకుంటుంది. గట్టిగా పట్టుకుంటే బొటనవేలు కూడా బిగుస్తుంది. వదలమని అందరం అరుస్తున్నాం. ఆ అరుపులకి ఇంకా బిగించింది.

నేను పక్కకి తప్పుకుని వెనక్కి పరిగెత్తి తాడు అందుకున్నాను. లాగాను. ముడి కడ్డీ దగ్గరే పట్టేసింది, తాడు రాలేదు, ఇంజను ఆగలేదు. మిరపకాయలు నా చేతిలోకి వచ్చాయి.

వేగం ఎక్కువేమీ కాదు. పరిగెత్తే మనిషి అందుకోగలిగినంతే. వేగం పెరగకుండా షాపతను స్క్రూ బిగించి ఇచ్చాడు కూడా. ఆ ధైర్యంతోనే కదా ఎక్కించాం. కానీ మా వాకిట్లో ఒకవైపు మా ఆయన కాయలు ఒలిపించగా మిగిలిన కొబ్బరి పీచు డొక్కల కుప్ప ఉంది. బండి ఎడమ చక్రాలు ఆ కుప్ప ఎక్కాయి. బండి పక్కకి వాలి, పిల్లతో సహా తిరగబడింది.

మా ఆయన ఒక్క ఊపున బండి ఎత్తేశారు. పిల్ల డొక్కల మీద పడింది కాబట్టి తల దక్కింది. కుర్చీలో హెల్మెట్ బొట్టుతో అలాగే ఉంది. సైలెన్సరు తగిలి పిల్ల కాలిపిక్క కాలింది, పట్టులంగా అంచు చక్రంలో చిక్కి చిరిగింది. నేను పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాను. ఎక్కడి నుంచో అక్క గొంతు అరుస్తోంది. ఫోను నేల మీద వెల్లకిలా పడి ఉంది. కువైట్‌లో ఉన్న తల్లికి కనిపించేది మా కొబ్బరాకులు, ఆకాశం. వినిపించేది కూతురి ఏడుపు.

ఫోను తీశాను. "ఏం కాలేదక్కా. ఫోను అత్తయ్యగారికిచ్చేసేను, తాడు నా చేతిలోనే ఉంది. లాగేను, ఆగలేదు. బండే మంచిది కాదు" అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. అబద్ధం దానంతటదే వచ్చేసింది. నా ఒళ్ళో ఉన్న పిల్ల ఏడుపు ఆపి, తలెత్తి నా మొహం చూసింది.

ఊళ్ళో డాక్టరుగారు కాలికి కట్టు కట్టి, "ఇంకెక్కడైనా నొప్పుందామ్మా?" అని అడిగారు. లేదని తలూపింది. అమ్మయ్య అనుకున్నాను.

కానీ మనసు కుదుటపడలేదు. అక్క రోజూ ఫోను చేసి షాపు వాణ్ణి తిట్టేది. "ఆగని తాడు పెట్టి పసిపిల్లలకి అమ్ముతారా?" అనేది. మా ఆయన బండిని వ్యాన్‌లో వేసుకెళ్ళి షాపు ముందు పడేసి గొడవ పెట్టుకుంటానన్నారు. రేపు వెళ్దురుగాని, ఎల్లుండి వెళ్దురుగాని అని ఆపుతూ వచ్చాను. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు బరకం తీశాను. ముళ్ళు మూడూ విప్పి, ఇంజను స్టార్ట్ చేసి తాడు లాగాను. టక్కున ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేశాను. మళ్ళీ ఆగింది. నాలుగుసార్లు చేశాను. ఐదోసారి చేయబుద్ధి కాలేదు. బరకం మళ్ళీ కప్పేశాను.

అక్క ఇంకో మాట కూడా అనడం మొదలుపెట్టింది. "మీ ఇద్దరి వల్లా కాకపోతే చెప్పవే, వచ్చే ఏడు హాస్టల్లో వేసేద్దాం." ఆ మాట విన్నప్పుడల్లా నా ప్రాణం విలవిల్లాడిపోయేది. పిల్లే వెళ్ళిపోతే నేను ఈ ఇంట్లో పొద్దున లేచి ఎవరికోసం అన్నం వండాలి?

ఆరో రోజు సాయంత్రం నేను వంటింట్లో ఉండగా పిల్ల సావిట్లో వాళ్ళమ్మతో మాట్లాడుతోంది.

"పిన్ని తాడు పట్టుకునే ఉందమ్మా. గట్టిగా లాగింది కూడా. నేనే ఎక్కువ నొక్కేసేను. తప్పు నాదేనమ్మా. పిన్నిని ఏమీ అనకు. నన్ను హాస్టల్లో వెయ్యకు."

చేతిలో గరిట అలాగే పట్టుకుని సావిట్లోకి వెళ్ళాను. ఫోను తీసుకుని మొత్తం చెప్పేశాను. ముడి సంగతి, చూసి ఊరుకున్న సంగతి, నా చేతిలో తాడు కాదు ఫోను ఉన్న సంగతి. తిడుతుందని చూశాను. తిట్టుంటే బాగుండేది.

అక్క ఇలా అంది. "నీ మీద కోపం తర్వాత చూసుకుంటానే. దెబ్బే తగలకుండా ఎవరూ పెంచలేరు. కానీ దెబ్బ తగిలితే నాకు తెలియాలా వద్దా? ఇంత దూరం నించి నాకు కనపడేది దాని మొహం ఒక్కటే. ఇప్పుడది నీకోసం నిజం దాచి మొహం దిద్దుకోడం నేర్చుకుంది. ఇంక నేనేం చూడనే?"

కాల్ ఆగిపోయింది. నేను గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాను. కాసేపటికి పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది.

"అమ్మకి నిజం చెప్పేసేవా పిన్నీ?"

"చెప్పేశానమ్మా."

"హాస్టల్ అందా?"

"అనలేదు."

"అయితే నేను కూడా ఒకటి చెప్పనా? తిట్టవు కదా?" అని ఎడమ చేయి ముందుకు చాపింది. "ఇది ఆ రోజునించీ నొప్పి. చెప్తే అమ్మ నిన్ను ఇంకా తిడతాదని చెప్పలేదు."

మణికట్టు దగ్గర వేలు ఆనించగానే పళ్ళు బిగించి చేయి వెనక్కి లాక్కుంది. నాలుగు రోజులుగా స్కూటీ మానేసి, జాగ్రత్తగా ఉండాలని ఆ చేయే గట్టిగా పట్టుకుని నేను పిల్లని బడికి నడిపించుకెళ్తున్నాను.