శ్రీకళ కర్నెల్‌లో శబ్దం లేదు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగేలోపే చేతికి గుప్పెడు పాంప్లెట్లు వస్తాయి. వాటిలో ఒకటి త్రినాథరావు గారి ఇన్‌స్టిట్యూట్‌ది అయి తీరుతుంది. స్వీట్ షాపు పైన మూడో అంతస్తు, లిఫ్టు ఉందన్న మాటే గానీ అది కదలగా చూసినవాళ్లు లేరు. అక్కడ సర్వర్లు నడిపే లైనక్స్ నేర్పేదీ, ల్యాబ్ నడిపేదీ శ్రీకళ. బాటసింగారం పిల్ల. డిగ్రీ అయ్యాక అక్కడికే కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, నేర్చుకున్నాక అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కాపురం బడంగ్‌పేటలో. రోజూ బస్సులో ఎల్బీనగర్ దాకా వచ్చి మెట్రో ఎక్కుతుంది.

ల్యాబ్‌లోని కంప్యూటర్లు ఏదో ఆఫీసు వాడి వాడి వదిలించుకున్నవి. ఇవి చాలులే అన్నారు త్రినాథరావు గారు. చాలలేదు. ఆన్ చేసి కిందికెళ్లి టీ తాగి వచ్చినా ఇంకా మూలుగుతూనే ఉండేవి. కొత్తవి కొనమంటే ఆయనకు వినపడదు. శ్రీకళకు ఒళ్లు మండి, వాటికి కర్నెల్ తానే కడతానంది.

కర్నెల్ అంటే కంప్యూటర్‌లో అందరికంటే ముందు నిద్ర లేచి, కీబోర్డునూ తెరనూ డిస్కునూ పనిలో పెట్టే భాగం. మామూలుగా దొరికే కర్నెల్ లోకంలో ఉన్న పరికరాలన్నిటికీ సిద్ధపడి వస్తుంది. మనకు అక్కర్లేనివి తీసేసి తేలికైన కర్నెల్ కట్టుకోవచ్చు. కట్టే ముందు అది ఒక్కో పరికరం గురించీ ఇది కావాలా వద్దా అని అడుగుతుంది. వద్దనడంలో శ్రీకళది అందె వేసిన చెయ్యి. టీవీ కార్డు వద్దు. జాయ్‌స్టిక్ వద్దు. బ్లూటూత్ వద్దు. సౌండ్ దగ్గరైతే ఆలోచించను కూడా లేదు. అంతకు వారం ముందే డెమో క్లాసుకొచ్చిన తల్లిదండ్రుల ఎదుట వెనక బెంచీ కంప్యూటర్‌లో మాస్ పాట ఒకటి మోగి పరువు తీసింది. కమాండ్లు కొట్టే చోట పాటలేమిటి? వద్దు.

తర్వాత కంప్యూటర్లు చకచకా లేచాయి. త్రినాథరావు గారు వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నారు. శ్రీకళ కూడా పైకి అనకపోయినా లోపల మురిసిపోయింది. ప్రతి బ్యాచ్‌కీ కర్నెల్ పాఠం వచ్చినప్పుడు, అక్కరలేనిదేదీ ఉంచొద్దని మరీ మరీ చెప్పేది.

ఆ ఏడు వర్షాకాలంలో మృదుల డెమోకి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో డెమో అంటే పెళ్లిచూపుల్లాంటిది. ఊరికే కూర్చుని విని, నచ్చితే చేరతారు, లేకపోతే పక్క బిల్డింగ్‌కి పోతారు. మృదుల అలా రెండు బిల్డింగులు తిరిగే వచ్చింది. ఆమెకు చూపు లేదు. వనస్థలిపురంలో ఉంటారు, భీమవరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. వెంట వచ్చిన తల్లి సూర్యప్రభ ముందే విషయం చెప్పేసింది. సర్వర్లు చూసుకునే ఉద్యోగమంతా కమాండ్లతోనే కాబట్టి అదైతే చేయగలనని కూతురి పట్టుదల. ఇక్కడా కాదంటే మాత్రం ఇంకెక్కడికీ తిప్పే ఓపిక తనకు లేదు, నచ్చినా నచ్చకపోయినా బ్యాంకు కోచింగ్‌లో చేర్చేస్తుంది. మృదుల బ్యాగులోంచి తన హెడ్‌ఫోన్స్ తీసింది.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్లలో ఉండనే ఉంది. మృదుల దాన్ని కీబోర్డు మీద వేళ్లతోనే తెరిచింది. ఏమీ వినపడలేదు. హెడ్‌ఫోన్స్ తీసి మళ్లీ పెట్టింది. శ్రీకళ సాయం చేద్దామని వంగి, వైరు కదిపి, వాల్యూమ్ కోసం వెతికి, అప్పుడు గుర్తొచ్చి అలాగే ఆగిపోయింది. క్లాసంతా ఇటే చూస్తోంది. ఆమె నోటికి అబద్ధమే ముందు వచ్చింది. ఈ మిషన్‌కి సౌండ్ ఖరాబైందని చెప్పింది. పక్కదాంట్లో చూడమంటారా అని అడిగింది మృదుల. అన్నీ పాతవేనంది శ్రీకళ. మృదుల తల ఊపి హెడ్‌ఫోన్స్ చుట్టి బ్యాగులో పెట్టుకుంది. తల్లీకూతుళ్లు ఆ మెట్లన్నీ దిగి వెళ్లిపోయారు.

శ్రీకళకు ఆ పూట పాఠం సరిగ్గా సాగలేదు. తీసేసినందుకు కాదు, అది తెలియక చేసిన పని. అబద్ధం మాత్రం తెలిసే ఆడింది.

ఆదివారం క్లాసుల్లేవు. పొద్దున్నే వచ్చి తాళం తీసి, సౌండ్ కావాలని చెప్పి, కర్నెల్ మళ్లీ కట్టడానికి కూర్చుంది. ఆ పాత మిషన్ మీద అది రోజంతా నడిచే పని. ఫ్యాన్ రొద పెడుతూ సాయంత్రానికి పూర్తి చేసింది. ఆన్ చేస్తే అప్పటికీ మూగే. తిట్టుకుంటూ వెతికితే తేలిందేమిటంటే, సౌండ్‌కి ఊ కొట్టింది గానీ, బోర్డు మీది చిన్న సౌండ్ చిప్పును పలికించే డ్రైవర్ అనే ముక్క వేరే ఉంటుందని, దానికీ ఊ కొట్టాలని మరిచిపోయింది. అన్నిసార్లు వద్దు వద్దని కొట్టేసిన వేలు మరి. అంతా మళ్లీ మొదటికొచ్చింది. సోమవారం క్లాసులు నడుస్తుండగానే ఒక మూల మిషన్‌ను దానికి వదిలేసింది. ఈసారి స్పీకర్ గరగరమని పలికింది.

త్రినాథరావు గారికి నచ్చలేదు. ఒక్కరి కోసం అన్నిటికీ ఎందుకమ్మా, మళ్లీ పాటలు మొదలవుతాయి, మూలదానికొక్కదానికే ఉంచమన్నారు. శ్రీకళ ఆయనకు ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగదు. ఆ రోజు చెప్పింది.

"మూలకి కూసోవెట్టుడెందుకు సార్? పాటలు పెడ్తె నేను చూసుకుంట. అన్నిట్ల వేస్తున్న."

ఆయన విసుక్కుని ఫోన్ ఎత్తుకున్నారు. అది ఒప్పుకోవడమే అని ఆమెకు తెలుసు. కట్టడం ఒక్కసారే కాబట్టి, కట్టినదాన్ని మిగతా మిషన్లన్నిటికీ ఆ సాయంత్రమే ఎక్కించేసింది.

డెమో ఫారం మీది నంబరు చూసి సూర్యప్రభకు ఫోన్ చేస్తే, బ్యాంకు కోచింగ్‌లో మాట్లాడేశామండీ, మంగళవారం వెళ్లి చేరుతున్నాం అంది. వెళ్లే ముందు ఎల్బీనగర్ స్టేషన్ దగ్గర ఒక్కసారి ఆగమని శ్రీకళ బతిమాలింది. మంగళవారం పొద్దున టికెట్ కౌంటర్ పక్కన తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. చుట్టూ ఆఫీసులకు పోయే జనం తోసుకుంటున్నారు. చెప్పాలనుకున్నది రాత్రంతా అల్లుకున్నా, తీరా ఎదురుపడేసరికి ఉన్నదున్నట్టు వచ్చేసింది.

"మిషన్ ఖరాబ్ గాలే మృదులా. సౌండ్ నేనే తీసేసిన. పిల్లలు పాటలు పెడ్తున్నరని తీసేసిన. ఆ రోజు నీకు అబద్ధం చెప్పిన. ఇప్పుడు అన్నిట్ల పెట్టిన, జర ఒక్కసారి వచ్చి చూడు."

సూర్యప్రభ ముఖం ఎర్రబడింది. ఏదో అనబోతే మృదుల తల్లి చెయ్యి నొక్కింది.

"మిగతా రెండు చోట్ల కూడా పాడైందనే చెప్పారండి. ఏది నిజంగా పాడైందో, ఏది కాదో నాకెలా తెలుస్తుంది?" అంది.

అందులో కోపం లేదు. అందుకే శ్రీకళకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మా, ఈ పూటకి ల్యాబ్‌కే పోదాం అంది మృదుల. ముగ్గురూ కలిసే మెట్రో ఎక్కారు.

ల్యాబ్‌లో మృదుల తనే ఒక మిషన్ ఎంచుకుంది, కిటికీ పక్కది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏవో నాలుగు అక్షరాలు కొట్టింది. ఆమె ముఖం విప్పారడం చూసి, వెనక నిలబడ్డ సూర్యప్రభ గట్టిగా ఊపిరి పీల్చుకుని కుర్చీలో కూలబడింది. శ్రీకళ సంతోషంగా మొదటి పాఠం తెరవబోయింది. ఫైళ్లు, ఫోల్డర్లు, అందరికీ చెప్పేదే. మృదుల హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి పక్కకు జరిపింది.

"మేడమ్, సౌండ్ ఎలా తీశారో, ఎలా పెట్టారో నాకు ముందది నేర్పుతారా?"

అది కోర్సులో ఆఖరి పాఠమని చెప్పింది శ్రీకళ. అంత తొందరేముందని కూడా అంది.

"రేపు నేను ఉద్యోగం చేసే చోట కూడా మీలాంటివాళ్లు ఉంటారు కదండీ. తీసేసి చెప్పరు. మళ్లీ నేనే పెట్టుకోవాలి."

శ్రీకళ సిలబస్ కాగితం పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని, కర్నెల్ కట్టడానికి కొట్టాల్సిన మొదటి కమాండ్ ఒక్కో అక్షరమే చెప్పసాగింది.