బండల సందు దాటిన పెట్టె

నా చిన్నప్పుడు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, మా నాయన ప్రొద్దుటూరులో ఇంటి పంచలోనే కుట్టు మిషన్లు బాగుచేసేవాడు. జనం వాటిని ఇనుప కాళ్లతో సహా బండి మీద తెచ్చి దించిపోయేవాళ్లు. దించినచోటి నుంచి అవి కదిలేవి కావు. నాయనే వాటి దగ్గరికి పోయి, నేల మీద గోనెపట్టా పరచి, పనిముట్లు చుట్టూ పెట్టుకుని కూర్చునేవాడు. ఒక వానాకాలం మిద్దె మెట్ల మీద జారిపడి ఆయన మోకాలు చెడింది. ఆ తరువాత నేల మీద కూర్చుంటే, ఎవరో ఒకరు చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోయేవాడు.

పులివెందులలో మా మేనమామకు విత్తనాల అంగడి ఉండేది. ఆయన పలకరించడానికి వచ్చి, "ఇంగ ఈ నట్లూ బోల్టులూ ఏమిటికి బావా, మా అంగట్లో కూసోని లెక్కలు రాసుకో. కుంటోనికి గద్దె బాగుంటాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మా నాయన ఆ పూట అన్నం తినలేదు. ఆ మామ ఇంట్లో తరువాత ఎన్ని పెళ్లిళ్లు జరిగినా అన్నిటికీ వెళ్లాను. ఒక్కసారి కూడా విస్తరి ముందు కూర్చోలేదు.

పులివెందులకు పోకుండా ఉండాలంటే నాయన కింద కూర్చోకుండా పని చేసుకోగలగాలి. పనిముట్లు నడుము ఎత్తులో ఉండాలి, ఒక మిషను దగ్గరనుంచి ఇంకో మిషను దగ్గరికి ఆయనతోపాటే రావాలి. సొరుగులూ చక్రాలూ ఉన్న బీరువా కావాలన్న ఆలోచన నాయనదే. బేరానికి మాత్రం మా జేజి, అంటే నాయన తల్లి, ముందు నడిచింది. నన్నూ జట్కా ఎక్కించుకున్నారు.

ప్రొద్దుటూరు బజారులో ఇనుప సామాను అమ్మే పెద్ద అంగడికి పోయాము. అక్కడ పచ్చరంగు వేసిన రేకు బీరువా ఒకటి ఉంది. అంగడాయన దాన్ని ఒక్క వేలితో తోస్తే నున్నటి సిమెంటు నేల మీద నీళ్ల మీద పోయినట్టు పోయింది. నాయన కళ్లు దానిమీదే ఉండిపోయాయి. నేను సొరుగు పట్టుకున్నాను.

"ఏయ్ పాపా, చెయ్యి తియ్. ఆ జిడ్డు చేతులకు రంగు పోతాది" అన్నాడు అంగడాయన. తరువాత నాయన వైపు తిరిగి, "చూసిపోయేటోళ్లు శానామంది వస్తాంటారప్పా. కొనేమాటైతే చెప్పు, ధర చెప్తా" అన్నాడు.

నా చేతులు జిడ్డుగా లేవు. వచ్చేముందే సీకాయతో కడుక్కున్నాను. ఈ సంగతి ఇప్పటికైనా రాయడం అవసరమనిపించి రాస్తున్నాను.

జేజి ధర అడగలేదు. "ఒగసారి బయట అరుగు మీదికి తోయి నాయనా, చూస్తాము" అంది. అరుగంతా మా పంచలాగే నల్లబండలు పరిచి ఉంది.

"ఏంది అవ్వా, ఇదేమన్నా ఎద్దులబండా?" అని నవ్వుతూనే తోశాడు. మొదటి బండ దాటింది. రెండో బండ అంచుకు రాగానే ముందరి చక్రం సందులో దిగబడింది. చక్రాలు రేగిపండంత ఉండేవి మరి. బీరువా ముందుకు ఒరిగింది, సొరుగులన్నీ నాలుకలు చాపినట్టు బయటికి వచ్చాయి. పడిపోకుండా అంగడాయన దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. "మీ బండలు బాగలేకుంటే నా బీరువా ఏం జేస్తాది?" అన్నాడు. అవి ఆయన బండలే.

జేజి ఇప్పుడు ఏదో ఒకటి అంటుందని నేను ఎదురుచూశాను. "బీరువా మంచిదే నాయనా. మా ఇంటికి పనికిరాదు" అని చెప్పి జట్కా ఎక్కింది. దారిలో నేను ఊరుకోలేదు. అంతమాట అంటే ఎందుకు పడినావని అడిగాను. "మనం పోయింది పెట్టె కోసరం" అంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

తరువాతి సంతకు బస్సెక్కి జమ్మలమడుగు పోయాము. అక్కడ పెట్టెలు చేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. జేజి అడిగిందంతా విని, "పెండ్లికూతురికా, పనికా?" అన్నాడు. పనికే అంది జేజి. "అట్లయితే రంగు అడగొద్దు" అని మూలనుంచి నడుమెత్తు వేపచెక్క పెట్టెనొకదాన్ని బయటికి లాగాడు. మూడు సొరుగులు, పాత జిన్నింగు మిల్లులో దూది బండికి ఉండే అరచేయంత ఇనుప చక్రాలు. చూడడానికి అసహ్యంగా ఉంది. నాయన మొహం అటు తిప్పుకున్నాడు.

జేజి సంచిలోనుంచి నాయన సుత్తులు, ఆకురాళ్లు, పట్టకార్లు తీసి సొరుగుల్లో నింపింది. ఇంటి దగ్గర అవన్నీ సంచిలో వేస్తుంటే ఎందుకో నాకు అర్థం కాలేదు. పెట్టెను తానే వీధి బండల మీదికి తోసింది. గడగడమంటూ సందు దాటింది, ఇంకో సందు దాటింది. అప్పుడు పైసొరుగును పూర్తిగా లాగింది. సొరుగు ఊడి సామానంతా వీధిలో పడింది. దానికి అడ్డుచెక్క కొట్టేదాకా కదలనని అక్కడే కూర్చుంది.

"నీకేదీ నచ్చదు గదా అవ్వా. నీ కోడలు ఎట్ల ఏగుతాందో" అన్నాడు సాయిబు, మేకులు కొడుతూ. జేజి నవ్వింది. మా అమ్మను మధ్యలోకి లాగిన ఆ మాటను నేను విడిగా గుర్తుపెట్టుకున్నాను.

పెట్టె ఎద్దులబండి మీద మా ఇంటికి వచ్చింది. నాయన మొదట దానివైపు చూడలేదు. కాసేపటికి ఒక మిషను దగ్గర నిలబడి, చేత్తో పెట్టెను తన వైపుకు లాక్కున్నాడు. అది మూడు బండలు దాటి వచ్చి ఆయన పక్కన ఆగింది. వంగకుండానే స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. పులివెందులకు పోయే మాట ఆ తరువాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంకాలం జేజి గడప మీద చేట పెట్టుకుని శెనక్కాయలు వలుస్తూ నన్ను పిలిచింది. "ఇట్ల రా పాపా. ఆ పచ్చబీరువాయప్ప నిన్ను ఏమన్నాడో మళ్లా ఒగసారి చెప్పు" అంది. నేను చెప్పాను. ఇక మొదలుపెట్టింది. వాడి వేలినీ, వాడి సిమెంటు నేలనూ, వాడి వంశాన్నీ విడిచిపెట్టలేదు. అక్కడనుంచి పులివెందుల మామ దగ్గరికి, ఆయన గద్దె దగ్గరికి వెళ్లింది. ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఒక్క మాట కూడా ఆమె పోగొట్టుకోలేదు. నాయన స్క్రూడ్రైవర్ ఆపి వింటూ నవ్వడం చూశాను.

అవమానాలు మరచిపొమ్మని నాకు చాలామంది చెప్పారు. మా జేజి చెప్పలేదు కాబట్టి నేను వినలేదు. కానీ ఒక కాగితం మీద సంతకం కోసం వెళ్లినచోట గుమాస్తా చులకనగా మాట్లాడితే, నోరు మెదపకుండా నిలబడి సంతకం చేయించుకుని వస్తాను. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, అప్పుడు మొదలుపెడతాను.