పళ్లెంలో రావిచెట్టు

గోడ పగుల్లో రావి మొలిస్తే వెంటనే పీకెయ్యాలి, లేకపోతే గోడ తినేస్తుంది. ఈ సంగతి నాంపల్లిలో పసిపిల్లకైనా తెలుసు. వసుమతీ పీకింది. అయితే పారెయ్యలేదు. దోసిట్లో పెట్టుకుని డాబా మీదికి తీసుకుపోయి, చిల్లుపడ్డ మట్టిమూకుడులో నాటింది. మొక్కకు నాలుగే ఆకులు, ఆ పిల్లకు పన్నెండేళ్లు.

కర్నూలు నుంచి ఆఫీసులన్నీ హైదరాబాదుకు మారిన ఏడాది అది. ఆమె తండ్రి భావనారాయణ గుమాస్తా, కృష్ణాజిల్లా మనిషి. స్టేషను వెనక సందులో రెండు గదుల వాటాలో దిగారు. ఇల్లుగలామె అహల్య పాత హైదరాబాదు మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"గంత చిన్న మూకుట్ల అదెట్ల బతుకుతది బిడ్డా?" అని నవ్విందామె.

"చిన్నగానే బతుకుతుందండీ" అంది వసుమతి. పబ్లిక్ గార్డెన్స్‌లో పూల ప్రదర్శనకు తండ్రి వేలు పట్టుకుని వెళ్లినప్పుడు చూసింది, ఎవరో పెద్దింటివాళ్లు పెంచిన మూరెడు చెట్టు. బోన్సాయ్ అంటారట. కాండం ముడతలు పడి, కొమ్మలు వంగి, నూరేళ్ల చెట్టు దూరాన కనిపిస్తున్నట్టే ఉంది. ఆ పిల్ల అక్కణ్ణుంచి కదల్లేదు. తండ్రి జబ్బ పట్టుకుని లాక్కురావలసి వచ్చింది.

నేర్పేవాళ్లు లేరు. పాడుచేసుకుని నేర్చుకుంది. మూకుడు పోయి మట్టిపళ్లెం వచ్చింది. తొలకరి పడగానే చెట్టును పళ్లెంలోంచి తీసి, వేళ్లు కత్తిరించి, ఇటుకపొడీ ఇసుకా కలిపిన కొత్త మట్టిలో పెట్టేది. కొమ్మలకు గుడ్డ చుట్టి, దాని మీద రాగితీగ చుట్టి, రోజుకింత వంచేది. అరచెయ్యంత ఆకుల్ని గిల్లేస్తే ఈసారి రూపాయిబిళ్లంత ఆకులు వచ్చేవి. గిల్లినచోటల్లా పాలు కారేవి. ఎండాకాలం రెండుపూటలా నీళ్లు. ఒక్కరోజు మరిస్తే అంతే సంగతులు. చంటిపిల్లాడికైనా ఇంత చాకిరీ ఉండదు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి జానెడు చెట్టు అయింది, మొదలు దగ్గర రెండు వేళ్లు పీతకాళ్లలా మట్టిని కరుచుకుని. పిల్ల కూడా బియస్సీ చదివి ఆడపిల్లల బడిలో సైన్సు టీచరమ్మ అయింది.

అప్పుడు బయటపడింది జాతకం. ఆమె తల్లి నాగరత్నం సంబంధాల కోసం తీసి చూపించగా, పంతులుగారు పెదవి విరిచి, అమ్మాయికి వైధవ్యయోగం ఉందన్నారు. కట్టుకున్నవాడు దక్కడట. దానికీ ఒక దారి ఉందట. ముందు రావిచెట్టుతో పెళ్లి చేస్తే ఆ గండం చెట్టు నెత్తిన పోతుంది. రావిని నరకకూడదు గనక ఆ తర్వాత గంగలో కలిపెయ్యాలి. మగపెళ్లివారి చెవిన మాత్రం పడకూడదు.

"ఇంట్లోనే చెట్టుంది, వెతుక్కునే పని కూడా లేదు" అంది నాగరత్నం. ఆ తల్లికి కూతురి మీద ప్రేమ లేదని ఎవరూ అనుకోకండి. ప్రేమ ఉండబట్టే ఇదంతా.

బళ్లో పిల్లలకు వేరు నీటిని ఎలా పీలుస్తుందో బొమ్మవేసి చెప్పే మనిషి, ఇంట్లో పీటల మీద చెట్టు పక్కన కూర్చుంది. చెట్టు మొదలుకు తాకించిన పసుపుతాడు మెడలో వేశారు, సాయంత్రానికి తీసేశారు. భావనారాయణ పళ్లేన్ని కండువాలో చుట్టుకుని మూసీకని బయల్దేరాడు. పాపం, ఆయనకు చేతులు రాలేదు. కూతురు చూసిన చూపు అలాంటిది. సందు చుట్టూ తిరిగి వచ్చి, దొడ్డిదారిన అహల్య చేతికిచ్చాడు. "కలిపేశావా?" అని భార్య అడిగితే "ఆఁ" అన్నాడు.

వసుమతిని జగన్మోహనరావుకిచ్చి చేశారు. అబిడ్స్‌లో కళ్లజోళ్ల దుకాణంలో పని అతనికి. సన్నటి వేళ్లు, సన్నటి నవ్వు. ఆ వెనకసందులోనే కిరాయికి దిగారు. తండ్రి గుట్టు చెప్పగా, తొలకరికి వసుమతి అహల్య దగ్గర్నుంచి చెట్టు తెచ్చుకుని, తల్లి మెట్లెక్కి రాని డాబా మీద పెట్టింది. చిన్నప్పటి సరదా అని మొగుడికి చెప్పింది, అంతకుమించి చెప్పలేదు. అతను చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఈ ఇంటికి పెద్దాయన అన్నమాట" అన్నాడు. ఇక అదే పేరు. దుకాణం నుంచి వస్తూనే "పెద్దాయన భోంచేశాడా?" అంటే నీళ్లు పోశావా అని. కళ్లజోళ్ల మరలు తిప్పే ఆ చేతులతో తీగ ఆమెకన్నా ఒడుపుగా చుట్టేవాడు. పిల్లలు కలగలేదు. ఉన్నంతలో ఇద్దరూ బాగానే ఉన్నారు.

అరవైతొమ్మిది శీతాకాలంలో చెట్టును ప్రదర్శనలో పెడదామని పట్టుబట్టిందీ అతనే. ఆకులన్నీ ముందే గిల్లి, లేతవి వచ్చే సమయానికి కాండం తుడిచి, నాచు పరిచి, రిక్షాలో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయారు. రెండో బహుమతి వచ్చింది. చూడటానికి నాగరత్నం కూడా వచ్చింది. భర్త పోయి అప్పటికి ఏడాది. కూతురు గొప్ప చూసి మురిసిపోతూ దగ్గరికి నడిచిన మనిషి, ఆ పీతకాళ్ల వేళ్లు చూసి కొయ్యబారిపోయింది. కూతుర్ని షామియానా వెనక్కి లాగింది.

"ఒసేయ్, ఇది ఇంకా బతికే ఉందా? మీ నాన్న నా కళ్లల్లో దుమ్ముకొట్టాడా?"

"అమ్మా, చెట్టుకీ మనిషి ప్రాణానికీ సంబంధం ఏమిటే?"

"నీ చదువు చట్టుబండలైనట్టే ఉంది. దాని నెత్తిన పోవలసింది ఎక్కడికి పోతుందే?"

వసుమతి ఆ మాటను తీసిపారేసింది. తీసిపారేశాననుకుంది.

డెబ్బైఒకటి ఎండల్లో జగన్మోహనరావుకు కామెర్లు వచ్చాయి. పసరు మందన్నారు, పథ్యమన్నారు, తగ్గినట్టే తగ్గి ముదిరాయి. పొట్ట ఉబ్బి, కళ్లు పసుపుముద్దలై, చివరికి అఫ్జల్‌గంజ్ దాపున పెద్ద దవాఖానలో చేర్చారు. డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి, లివరు పాడైందమ్మా, చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. మంచం మీది మనిషి మాత్రం రోజూ ఒకటే ప్రశ్న. "పెద్దాయన భోంచేశాడా?"

నాగరత్నం కూతురింట్లోనే మకాం పెట్టింది. అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వంటింట్లో కూర్చుని కళ్లు ఒత్తుకుంటూ, "నేను నీ కాళ్లు పట్టుకుంటానే. ఒక్క చెట్టు. మనిషి కన్నా ఎక్కువటే?" అని, నిజంగానే కాళ్లు పట్టుకుంది.

వసుమతి నమ్మిందా అంటే నమ్మలేదు. కానీ మునిగేవాడికి గడ్డిపరక దొరికితే పట్టుకోకుండా ఉంటాడా? రేపు జరగరానిది జరిగితే, చెయ్యగలిగింది ఒక్కటి చెయ్యలేదే అని బతుకంతా కుమిలిపోవాలి. ఆ భయం ముందు బియస్సీ ఏ మూలకి?

మధ్యాహ్నం దవాఖానకు వెళ్తూ చెట్టును పాతచీరలో చుట్టుకుంది. వంతెన మీద రిక్షా దిగి, కళ్లు మూసుకుని వదిలేసింది. మేనెలలో మూసీలో నీళ్లెక్కడివి? నల్లటి బురద, నడుమ సన్నటి పాయ. పళ్లెం పగిలింది గానీ చెట్టు బురదలో నిటారుగా నిలబడింది. ఎవరో తీరిగ్గా నాటినట్టే ఉంది.

అలా వదిలేస్తే గంగలో కలిపినట్టవుతుందా? గట్టు దిగింది. బట్టలారేస్తున్న చాకలాయన కేకేశాడు: "ఏడికి పోతున్నవమ్మా? గాడ దిగబడ్తవ్, జర ఆగు!" ఆమె ఆగలేదు. మోకాటి లోతు బురదలో నడిచి, చెట్టును వేళ్లతో సహా పెరికింది. పదిహేనేళ్లు పెంచిన ఆ చేతులతోనే పాయలో ముంచి, పైకి తేలకుండా రాయి పెట్టింది. తెగిన వేరు నుంచి పాలు కారి చేతివేళ్లకు అంటుకున్నాయి. అప్పుడు ఏడ్చింది, చాకలాయన బిత్తరపోయేలా ఏడ్చింది.

కుళాయి దగ్గర కడుక్కుని వార్డులోకి వెళ్లింది. జగన్మోహనరావు కళ్లు తెరిచాడు.

"పెద్దాయన భోంచేశాడా?"

"చేశాడండీ."

అతని చూపు చీర అంచు మీద పడింది. "ఆ బురదేమిటి?"

"మట్టి మార్చాను."

అతను ఆ అంచును వేళ్లతో తాకి చూశాడు. తర్వాత, "మేనెలలో ఎవరైనా మట్టి మారుస్తారా వసూ? తొలకరిదాకా ముట్టుకోకూడదని నాకు నేర్పింది నువ్వే కదా" అన్నాడు.

ఆమె తల వంచుకుంది.

"అత్తయ్య మాట విన్నావా?"

వసుమతి తలెత్తింది.

"పెళ్లికి ముందే మావయ్యగారు నన్ను అబిడ్స్‌లో కాఫీకి పిలిచి అంతా చెప్పారు. దాచి పిల్లనివ్వలేను బాబూ, ఇష్టమైతేనే చేసుకో అన్నారు. ఆ చెట్టాయన ముందొచ్చాడు, నేను తర్వాతొచ్చాను, అందుకే పెద్దాయన అన్నాను. ఇన్నేళ్లూ తెలిసే కదటే నీళ్లు పోశాను." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నేను లేకపోయినా నీకు తోడు అదొకటి ఉంటుందనుకున్నాను."

ఆమె అతని చేతిలో మొహం పెట్టుకుంది. ఆ వారంలోనే జగన్మోహనరావు పోయాడు.

పదోరోజు తంతు అయ్యాక నాగరత్నం గోడకు తల కొట్టుకుంటూ, "ఆలస్యం చేశావే తల్లీ, ఆనాడే కలిపేసి ఉంటే!" అంది.

"ఇద్దర్నీ పోగొట్టుకున్నానమ్మా" అంది వసుమతి, గొంతు పెంచకుండానే. "ఒకరిని జబ్బు తీసుకుపోయింది. ఇంకొకరిని నా చేతులతో నేనే ముంచాను. ఎవరికోసం ఏడవమంటావో చెప్పు." ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు గానీ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

వసుమతి బడికి వెళ్లేది, పాఠం చెప్పేది. వేరు బొమ్మ వెయ్యాల్సి వస్తే పిల్లల్లో ఒకరిని పిలిచి సుద్దముక్క ఇచ్చేది. మరుసటి శీతాకాలం పబ్లిక్ గార్డెన్స్ గేటు ముందు అహల్య ఎదురైంది. చూపు ఆనని ముసలామెకు బొట్టు లేని మొహం తెలియలేదు. ఇల్లు అమ్మి ఊరవతలకి మారి రెండేళ్లు కావడంతో విషయం ఆమెదాకా వెళ్లలేదు. "ఈసారి నీ చిన్న రావిని పెట్టలేదా బిడ్డా? మీ ఆయన ఏడి?" అంది.

"ఇద్దరూ పోయారండీ" అంది వసుమతి. ముసలామె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, బస్సు ఎక్కించి, తన దారిన తాను వెళ్లిపోయింది.