మూడో గట్టు మీది నాలుగు గుడ్లు

అరకులో నా గది నుంచి పక్షుల చిత్తడికి నడిచి పదకొండు నిమిషాలు. ఇళ్లు ఆగిపోయే చోట కంచె మొదలవుతుంది. గేటుకి ‘వేట నిషేధం’ అన్న బోర్డు, దాని పక్కన ఒక నల్లబల్ల.

ఏడాదిగా ప్రతి వారం ఆ నల్లబల్ల మీద పక్షుల లెక్క నేనే రాస్తున్నాను. వానల్లో నీటికోళ్ల పిల్లలు. వలిసె పూలు పూసే రోజుల్లో చలికి వచ్చిన బాతులు, ఉల్లంకి పిట్టలు. ఎండలు ముదిరేసరికి నీటికోళ్లు, కొంగలు, ఒక తీతువు జంట మిగిలాయి. చోటు, వేళ లేని లెక్క నా దృష్టిలో సగం లెక్కే. అందుకే ఆ చైత్రంలో ఇలా రాశాను: ‘నీటికోళ్లు తొమ్మిది, తూర్పు రెల్లు, ఉదయం ఆరు. తీతువు గూడు, మూడో గట్టు, తెల్లరాయి పక్కన, గుడ్లు నాలుగు.’

అది ఇక్కడి గిరిజనుల ఇటుకల పండుగ వారం. మగవాళ్లు వేటకు పోతారనీ, ఒట్టి చేతులతో వస్తే ఆడవాళ్లు బురద చల్లుతారనీ విన్నాను. వేటంటే కొండ మీదే అనుకున్నాను.

మర్నాడు ఆరింటికి గేటు దగ్గర విల్లులు, వలలతో ఏడుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు మా చిత్తడి వాచరే.

“నేను సెలవులో ఉన్నాను సారూ,” అన్నాడు చూపు తప్పించి. “మూడు దినాలు కొండంతా తిరిగినాం. కుందేలైనా దొరకలేదు. ఇలాగే ఎల్తే మా వదిన బతకనివ్వదు.”

పక్కనే ఉన్న వాచర్ అన్న నల్లబల్ల మీద వేలు పెట్టి మెల్లగా చదివాడు. “సారు శానా మంచోడ్రా. టైముతో సహా రాసీసినాడు.”

“పక్క బోర్డు కూడా చదవండి,” అన్నాను.

“సదివినాం. ఇదే బాగుంది.”

అందరూ నవ్వారు. వాచర్ అన్న మిగతావాళ్లతో గొంతు తగ్గించి ఏదో చెప్పాడు. నాకు వినబడలేదు. గేటు దాటి, వంగి తూర్పుకి కదిలారు. వాళ్లకీ రెల్లుకీ మధ్య మూడో గట్టు ఉంది. ఏడు జతల కాళ్లు, నాలుగు గుడ్లు. వాళ్లకంటే ముందు చేరాలని పరిగెత్తి గట్టెక్కాను.

తీతువు లేచింది. నా నెత్తి మీద తిరుగుతూ అరిచింది. కొంగలన్నీ లేచిపోయాయి, నీటికోళ్లు రెల్లులో దూరిపోయాయి. తెల్లరాయి కోసం వెతుకుతుంటే నా బూటు కింద సన్నగా చిట్లిన చప్పుడు.

వాచర్ వచ్చి నా కాలి వైపు చూశాడు. “ఏటి సారూ, ఏటి సేసీసినారు? మూడో గట్టు ఎవుళూ ఎక్కొద్దని మా అన్న ముందే సెప్పినాడు. మీరు రాసింది సూసే. తీతువు అరిస్తే ఇంకేటి వేట?”

వేట చెడగొట్టినందుకు నన్నూ ఊరికి లాక్కెళ్లారు. వాచర్ వదిన బురద బిందెతో ఎదురొచ్చింది.

“ఈ గుంటడెవుడు?”

“తీతువుని లేపినోడు.”

మొదటి బిందె నా మీదే పడింది.

అక్కడి నుంచి నేరుగా చిత్తడికే వచ్చాను. గేటు బయట కూర్చుని బైనాక్యులర్స్ దించకుండా చూశాను. గంటన్నర గట్టు ఖాళీగానే ఉంది. తర్వాత తీతువు గట్టు మీద దిగి, అటు నాలుగడుగులు, ఇటు రెండడుగులు వేసి, తెల్లరాయి పక్కన ఒదిగి కూర్చుంది.

నల్లబల్ల తుడిచి, ‘తీతువు, గుడ్లు మూడు’ అని రాశాను. చోటు రాయలేదు.